లీడ్స్ ఇంటిని దాచను

మంగళవారం, రాత్రి

ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉన్న నా ఇంటికి వచ్చే అద్దెను ఇక్కడి టాక్స్ రిటర్న్‌లో చూపించొద్దని అన్న ఇవాళ ఆడిటర్ ఎదుటే అన్నాడు. "అక్కడ టాక్స్ కట్టినవ్ గద చెల్లె, మళ్ల ఈడ జెప్పుడెందుకు? ఎవలకు ఎరుక?"

నేను తిరిగొచ్చి కొన్నేళ్లుగా వరంగల్‌లోనే ఉంటున్నాను కాబట్టి ఇక్కడా చూపించాల్సిందేనని, అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు దొరుకుతుందని ఆడిటర్ ఓపిగ్గా చెప్పాడు. అన్న వింటేగా! ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం చేసీ చేసీ, బిల్లు రాయకపోతే సరుకే లేనట్టు లెక్క అనుకుంటాడు.

నాకు ఒళ్లు మండింది. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ నా ఇంటి ఫొటో చూపించేది ఈ మనిషే. "మా చెల్లె లండన్ల ఇల్లు కొన్నది" అంటాడు. లీడ్స్ అంటే ఎవరికీ తెలియదని లండన్ చేసేశాడు.

"దాచుడెందుకే అన్నా? దొంగ సొమ్మా అది? నర్సు డ్యూటీలు జేసి కొన్న ఇల్లు" అన్నాను. మట్టెవాడలో నన్ను ఇంటి ముందు బండి దింపి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు. ఇందాక ఫోన్ చేస్తే ఎత్తలేదు కూడా. ఎన్నాళ్లుంటుందో ఈ అలక...

ఉండనీ. అన్న బజారంతా చాటిన ఇంటిని, కాగితం మీద లేదని రాయడానికి నాకు చేతులు రావు.