కొబ్బరికాయ కోసం చేసిన ఫోన్లు

మంగళవారం

మా ఓబులేసు మీద కుట్ర కేసు కొట్టేశారు! దేవుడా, నా బిడ్డ నిర్దోషి!

ట్రాన్స్‌ఫార్మర్లో రాగితీగ కాజేసిన వాళ్లలో ఒకడికి మావాడి ఫోను నుంచి పదిసార్లు కాల్ పోయింది, అదే సాక్ష్యమన్నారు. ఆ ఫోన్లు చేసింది నేను. అతను అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, బోరు ఎక్కడేస్తే నీళ్లు పడతాయో చెప్పేవాడు. మా చేనికి రమ్మని బతిమాలాను. బోనెక్కి అదే చెప్పాను.

బయటికొచ్చాక వకీలు నవ్వాడు. "దొంగతనం చేద్దామని ఒప్పందం కుదిరింటేనే కుట్ర, పెద్దాయనా. ఫోన్లో మాట్లాడితే కుట్ర అయిపోదు."

"ఆ మాట మా సుట్టాలకు ఎవురు చెప్తారు సార్?" అన్నాను.

మాతో మాట్లాడితే తమ పేరూ కేసులో ఎక్కుతుందని మూడేళ్లుగా ఒక్కరూ ఫోన్ చేయలేదు. "నాయనా, ఇంగ ఫోన్ చేయొద్దు, మా ఆయన భయపడతాండాడు" అని కూతురే పెట్టేసింది. ఓబులేసు అలసి నిద్రపోయాడు. ఇంత సంతోషం నోటిదాకా వచ్చి ఆగిపోయింది, వినే మనిషి లేడు.

ఇప్పుడు చేసినా ఎత్తరు. రేపు బస్సెక్కి పోయి ఎదురుగా నిలబడే చెప్పాలి. విడపనకల్లు అక్కకు. గుంతకల్లు బామ్మర్దికి. మా చిన్నాయన కొడుక్కి. అందరికంటే ముందు రాయదుర్గంలో నా కూతురికి, అల్లుడు ఇంట్లో ఉన్నప్పుడే.