ఎమ్మెల్యే గారి లెటర్‌హెడ్

దాచేపల్లి,
9-2-2003.

చిరంజీవి మనోజ్ఞకు నాన్న దీవెనలు. మీ అమ్మ మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం క్షేమం. ఆ మోకాళ్లతోనే మొన్న రెండుసార్లు మేడెక్కి, నీకు పంపే కారానికి మిరపకాయలు ఎండబోసింది. వద్దంటే వినే మనిషి కాదని నీకు తెలుసు.

నీ ఉత్తరం అందింది. మంత్రి పదవి మాటేమిటని మీ సీనియర్ లాయరు గారు అడిగారన్నావు. పదవి కాదు, వచ్చే ఏడు టికెట్టే ఇవ్వరని చెప్పు. శాసనసభలో నాలుగేళ్లు ఏం చేశారంటే, రెండు చెరువులు బాగుచేయించాడు, ఒక కాలేజీ తెచ్చాడు, మిగతా కాలం చెయ్యెత్తమన్నప్పుడు చెయ్యెత్తాడని చెప్పు. ఎత్తనని కూర్చున్న రోజులూ ఉన్నాయిలే.

కేసు ఎంతవరకు వచ్చిందన్నావు. యలమంద వాళ్ల పన్నెండు కుటుంబాల మిరప చేలు సిమెంటు ఫ్యాక్టరీ సున్నపురాయి క్వారీకి పోకుండా నేను గురజాల కోర్టులో వేసిన దావా నీకు తెలిసిందే. పోయిన వాయిదాకి ఫ్యాక్టరీ లాయరు ఒక కాగితం దాఖలు చేశాడని ఫోన్లో చెప్పాను కదా. ఆ భూములు బీడనీ, రైతులు ఇష్టపడే ఇస్తున్నారనీ నా లెటర్‌హెడ్ మీద, నా సంతకంతో ఉంది. కోర్టు హాలంతా నవ్వింది. నేను గడువు అడిగి బయటపడ్డాను.

ఆ సాయంత్రం యలమంద ఇంటికొచ్చి, కండువాలోని కాయలు నా టేబుల్ మీద కుమ్మరించాడు.

"మా చేను బీడని రాసిచ్చారంటగా అయ్యా. ఆ బీట్లో కాసిన కాయండి ఇది. ఒకటి కొరికి చూడండి," అన్నాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు జిల్లా పార్టీ అధ్యక్షుడు ఫోన్ చేశాడు. "వకాల్తా వదిలెయ్యండి త్యాగరాజు గారూ. ఆ కాగితం ఊసెత్తకండి. మీ టికెట్టు ఎక్కడికీ పోదు," అన్నాడు. ఆ టికెట్టు మీ దగ్గరే ఉంచుకోండని ఫోన్ పెట్టేశాను. మీ అమ్మ పక్కనే ఉంది. "ఇంకాస్త గట్టిగా అనాల్సింది," అంది.

ఇక నీ చివరి ప్రశ్న. ఫోర్జరీ కేసు పెట్టారా అని. పెట్టలేదు, పెట్టను. ఫోన్లో నీకు అది ఫోర్జరీ అని చెప్పాను చూడు, అబద్ధమమ్మా. సంతకం నాదే. నేను హైదరాబాదులో సభకి వెళ్లినప్పుడు, ఆస్పత్రికో హాస్టల్ సీటుకో సిఫార్సు కోసం వచ్చినవాళ్లు ఉత్త చేతులతో పోకూడదని, ఖాళీ లెటర్‌హెడ్ల మీద ముందే సంతకాలు పెట్టి మన పీఏ కోటేష్ దగ్గర ఉంచేవాణ్ణి. తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దని ఇరవై రెండేళ్లు రైతులను కేకలేసిన లాయర్ని నేను. కోటేష్ అందులో ఒకటి నింపి ఫ్యాక్టరీ వాళ్లకిచ్చాడు. ఆ తప్పుకి వాణ్ణి పనిలోంచి తీసేశాను. కానీ నా పరువు కోసం, చెయ్యని ఫోర్జరీ వాడి నెత్తిన వెయ్యను. నీకు చెప్పడానికి సిగ్గేసి ఇన్నాళ్లు దాచాను.

కాబట్టి వకాల్తా వదిలేస్తున్నాను, వాళ్లు వదలమన్నందుకు కాదు. సాక్షిగా బోనెక్కేవాడు ఆ కేసు వాదించకూడదు. నేను బోనెక్కుతాను. వాదించేది నువ్వు. మీ సీనియర్ గారిని అడిగి ఇరవై నాలుగో తేదీ వాయిదాకి రా. యలమందతో మాట్లాడాను. "అయ్యగారిని నిలదీసే ధైర్యం పాపగారికుంటే మాకు చాలండి," అన్నాడు.

అక్కడ నన్ను చూసి మెత్తబడకు. కాగితం చేతికిచ్చి, "మీరు సంతకం పెట్టినప్పుడు దీని మీద ఏం రాసుంది?" అని హాలంతా వినపడేలా అడుగు. ఏమీ లేదంటాను. నవ్వేవాళ్లని నవ్వనీ. జడ్జి గారు రాసుకునేదాకా మళ్లీ మళ్లీ అడుగు.

ఇట్లు,
నీ మొదటి సాక్షి,
నాన్న.