చెరుకు తోటలో సర్వే రాయి

1956 ఆగస్టు 27, సోమవారం

మా చెరుకు తోటలో గవర్నమెంటు వాళ్లు రాయి పాతేరు. నేను చూడలేదు. మా అత్త అచ్చియ్యమ్మ చూసొచ్చి వాకిట్లో చతికిలపడింది. నీళ్లిస్తే తాగలేదు. కొండల వైపు నుంచి కొత్త కాలవ తవ్వుతారట. మా తోట నట్టనడుమ నుంచి పోతుందట. ఏటి, అడగరా, సెప్పరా, దొంగల్లాగ వచ్చి పాతెత్తారా అని ఈయన్ని నిలదీసింది. ఈయనే పాతినట్టు.

ఈయన చోడవరం కోర్టులో ఒక ప్లీడరు గారి దగ్గర గుమస్తా. లా పాయింట్లన్నీ నోటికొచ్చు. భోజనాల దగ్గర చెప్పేరు. ఇళ్లయితే నోటీసిచ్చి అబ్జెక్షన్లు వినాలట. సాగుభూమి అయితే అర్జెన్సీ అని ఒక్క ముక్క రాసుకుంటే చాలు, ఎవరి మాటా విననక్కర్లేదట. సెక్షన్ పదిహేడట. పరిహారం తక్కువైతే పోట్లాడదాం అన్నాను. నాకూ ఎనిమిదో క్లాసు చదువుంది కదా. పోయినేడు రాజ్యాంగమే మార్చేసేరు, చట్టంలో ఎంతని రాసుంటే అంతే, ఆ చట్టం చాలదని కోర్టులో వాదించకూడదు అన్నారు. అని మజ్జిగ పోయమన్నారు.

ఈ డైరీ ప్లీడరు గారు ఈయనకిస్తే ఈయన నాకిచ్చేరు, చాకలి పద్దు రాసుకోమని. ఇన్నాళ్లూ అదే రాసేను. ఈవేళ గుండె దడ తగ్గక ఇది రాస్తున్నాను.

ఆగస్టు 30, గురువారం

అత్త అన్నం ముట్టడం లేదు. ఆ తోట మావగారు బతికుండగా తుప్పలు కొట్టి బాగు చేసిన భూమి. నూతిలో నీళ్లు పడ్డ రోజున ఆవిడ మెళ్లో పుస్తె తాకట్టు నుంచి విడిపించేరట. ఆ కథ పెళ్లయి వచ్చినప్పటి నుంచి వింటున్నాను. ఈవేళ చెప్పలేదు. అందుకే భయం వేసింది.

సెప్టెంబరు 4, మంగళవారం

ఇది ఈయనకింకా చెప్పలేదు.

తెల్లారుతూనే అత్త తలంటుకుని నన్నూ తలంటుకోమంది. పసుపు, కుంకుమ, వేపమండ నా చేతిలో పెట్టి తోటలోకి నడిపించింది. సర్వే రాయి దగ్గర ఆగింది. రాయే కాదేటే, అమ్మోరు వెలిసిందంటే ఏ నా కొడుకు తవ్వుతాడో సూత్తాను, పసుపు రాయే అంది. ఆవిడ రాయకూడదు, భర్త పోయిన మనిషి. పునిస్త్రీ చెయ్యి కావాలి. అంటే నా చెయ్యి.

తప్పు అత్తా అన్నాను. తోట పోతే ఏటి తింటావే, ఆ రాయి తింటావా అంది.

రాసేను. నాలుగు పక్కలా పసుపు, ముందు వైపు కుంకుమ బొట్టు. వేపమండ చుట్టేను. అత్త దూరంగా నిలబడి చూసింది. తిరిగొచ్చేటప్పుడు నాకు వెనక్కి చూడాలనిపించింది. చూడలేదు. ఇంటికొచ్చి ఎంత తోమినా గోళ్ల సందుల్లో పసుపు పోలేదు.

సెప్టెంబరు 5

ఈయనకి చెప్పేను. మొహం తెల్లగా పాలిపోయింది. సర్వే రాయి జోలికి పోతే కేసు, ఇంకో మనిషి దగ్గర ఈ మాట ఎత్తేవంటే నా గుమస్తా పని పోతుంది, నువ్వు బోనెక్కుతావు అన్నారు. ఈయన నన్నెప్పుడూ అంత మెల్లగా తిట్టలేదు. కేకలేసి ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 11, మంగళవారం

ఓవర్సీరు వచ్చేడు. వెనక కొలత గొలుసు పట్టుకుని కూలీగా మా పేట దాసు. రాయి చూడగానే దాసు చెప్పులు విడిచేసేడట. ఓవర్సీరు కోప్పడి ఆ పసుపంతా తుడిచెయ్యమన్నాడట. దాసు తువ్వాలుతో తుడిచేడట, ఏడుపు మొహం పెట్టుకుని. అత్త గట్టు మీద నించుని, నాకేటి తెలవదు బాబూ, అమ్మోరి మీద సెయ్యేత్తన్నారు, మీ ఇష్టం అందట. ఇంటికొచ్చి మాత్రం నవ్వింది. చాలా రోజులకి అన్నం తింది.

సెప్టెంబరు 13

దాసుకి జ్వరం. ఒళ్లు కాలిపోతోందట.

సెప్టెంబరు 18, మంగళవారం

దాసు పెళ్లాం చిన్నమ్మి ఘటం ఎత్తుకుని తోటకి వచ్చింది. వెనకాల మా పేట పేటంతా. రాయిని కడిగి, కొత్తగా పసుపు రాసి, కోడిని కోసేరు. తోటమ్మ తల్లి అని పేరు కూడా పెట్టేసేరు. నేను జనం వెనక నించున్నాను. నన్నెవరైనా చూస్తారేమోనని ఒక భయం, ఆ రాయి చూస్తుందేమోనని ఇంకో భయం.

సాయంకాలానికి దాసుకి చెమట పట్టి జ్వరం దిగిందట.

అత్త ఇప్పుడు నవ్వడం లేదు. తోట వైపు తిరిగి దణ్ణం పెడుతోంది. మనం రాసింది ఉత్త రాయికే కదత్తా అని గొణిగేను. ఊరుకోయే, మన సేత రాయించింది ఎవరనుకున్నావ్ అంది.  ఆవిడైనా అబద్ధం అబద్ధమని ఒప్పుకుంటే నాకు ధైర్యంగా ఉండేది. ఇప్పుడు అబద్ధమని తెలిసింది నాకూ ఈయనకీ. ఈయన మాట్లాడరు.

అక్టోబరు 6, శనివారం

లైను మార్చేసేరు! పూజాస్థలం ఉందని ఇంజనీరు పైకి రాసేడట, పూజాస్థలాల జోలికి పోయి గొడవలు తెచ్చుకోవద్దని పైనుంచి జవాబొచ్చిందట. కాలవ మా తోట తప్పించి పక్కకి పోతుందట. అత్త పరమాన్నం వండింది. నేను రెండుసార్లు వేయించుకుని తిన్నాను. పక్కకి అంటే ఎక్కడికి అని అడగడం తోచలేదు నాకు. ఎనిమిదో క్లాసు చదువు!

అక్టోబరు 9, మంగళవారం

కొత్త రాయి దేముడమ్మ వాకిట్లో పాతేరు.

దేముడమ్మ ఇల్లు మా తోట గట్టుకి అవతల. ఒక్క గది, పెంకులు, ముందర అటుకులు దంచే రోలు. మొగుడు పోయేక ఆ అటుకులమ్మే బతుకుతోంది. నేను కాపరానికొచ్చిన కొత్తలో అత్త కోప్పడితే ఆ ఇంటికే పోయి కూర్చునేదాన్ని. ఒక్క మాట అడిగేది కాదు. వేడి అటుకుల్లో బెల్లం కలిపి దోసిట్లో పోసేది.

మొన్న పరమాన్నం రెండుసార్లు వేయించుకుని తిన్నాను నేను.

అక్టోబరు 12

దేముడమ్మ మా ఇంటికొచ్చింది. ఇల్లు కాబట్టి అబ్జెక్షన్ వింటారు, అర్జీ పెట్టిస్తానని ప్లీడరు గారు ఒప్పుకున్నారట. అర్జీ రాసేది ఎవరు? ఈయనే. మా అరుగు మీద కూర్చుని ఆవిడ చెబుతుంటే ఈయన తల దించుకుని రాసుకుపోయేరు. ఈయన దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని కోర్టంతా అంటారు. ఆ దస్తూరీ చూస్తే నాకు అసహ్యం వేసింది.

ఆవిడ వెళ్లేక, కాలవని ఎటు తిప్పమని రాసేరు అని అడిగేను. పాత లైను అమ్మవారిది కాబట్టి అటు వద్దు, ఇంకా కిందికి పొలాల్లోకి తిప్పమని రాసేనన్నారు. కింద రాతి నేల, అటు తవ్వరు అని ఈయనే మొన్న చెప్పేరు. అడిగేను. విసుక్కుని లేచిపోయేరు.

అక్టోబరు 16, మంగళవారం

ఈ రోజు సంగతి ఎవరితో చెప్పుకోను.

దేముడమ్మ వచ్చి తోటమ్మ తల్లికి మొక్కుకుంటాను, తోడు రా అంది. ఇల్లు నిలబెట్టమని మొక్కుతుందట. ఆ రాయికి! తలనొప్పన్నాను. అమ్మోరి దగ్గరకొస్తే తలనొప్పేటుంటాదే గుంటా అని చెయ్యి పట్టుకు లాక్కెళ్లింది. మొక్కింది. కళ్లు మూసుకుని చాలాసేపు ఏదో చెప్పుకుంది. నేను పక్కన నించున్నాను. లేచి నాకు ప్రసాదం తినిపించింది. 

చెప్పేద్దామని నోరు తెరిచేను. ఆవిడ అప్పటికే గట్టు దిగిపోయింది.

నవంబరు 1, గురువారం

ఈవేళ నుంచి ఆంధ్రప్రదేశ్. బడి పిల్లలకి మిఠాయి పంచేరు. కొత్త రాష్ట్రం కదా, పాత రాష్ట్రం వేసిన నోటిఫికేషన్లు చెల్లకపోవచ్చు కదా అని ఈయన్ని ఎంతో ఆశగా అడిగేను. రాష్ట్రం పేరు మారితే కాలవ ఆగిపోతుందేటి, అన్నీ అలాగే చెల్లుతాయి అని నవ్వేరు. చాలా రోజులకి నవ్వేరు, అదీ దీనికి.

నవంబరు 13, మంగళవారం

రేపు ఎంక్వయిరీ. తోడు రమ్మంది దేముడమ్మ. కచేరీ గుమ్మం ఒంటరిగా ఎక్కలేనంది. ఆవిడకే అంత భయమైతే నాకెంత ఉండాలి.

చెబితే ఈయన పని పోతుంది. నన్ను జైల్లో పెడతారు. తోట పోతుంది, అత్త నూతిలో దూకుతుంది. పేట జనం అమ్మవారిని కాదందని నన్ను కొడతారు. అమ్మవారు నిజంగానే ఉంటే ఇవన్నీ కాక ఇంకేదో. చెప్పకపోతే దేముడమ్మ ఇల్లు పోతుంది, అంతే.

అంతే అని ఎలా రాసేను?

నవంబరు 14, బుధవారం

చెప్పేసేను.

తాలూకా కచేరీ వరండాలో బల్ల వేసుకుని ఆఫీసరు కూర్చున్నాడు. కుర్రాడే, మంచివాడిలాగే ఉన్నాడు. అదింకా భయం. దేముడమ్మని ఏం చెప్పుకుంటావమ్మా అన్నాడు. ఈ ఇంట్లోనే మా ఆయన పోయేడు బాబూ, నానూ ఇక్కడే పోతాను, ఇంకెక్కడికెల్లను అంది. ఇంకేమీ రాలేదు ఆవిడకి. ఆఫీసరు ప్లాను చూసి, కింద రాతి నేల, పాత లైను ఒక్కటే దారి, అక్కడ చూస్తే అమ్మవారు, నేనేం చెయ్యను అన్నాడు.

అప్పుడు లేచేను.  అది అమ్మవారు కాదండీ, మీరు పాతిన సర్వే రాయే, మొదట పసుపు రాసింది నేనే అన్నాను.  నీ పేరేమిటన్నాడు. నూకరత్నం అన్నాను. భర్త పేరన్నాడు.

ఆయన పేరు నోటితో ఎప్పుడూ అనలేదు. అందరూ చూస్తున్నారు. నోరు తెరుస్తాను, రాదు. ఇంత మాట చెప్పిన దాన్ని ఆ పేరొక్కటీ చెప్పలేకపోయేను. ఎవరో కిసుక్కుమన్నారు. ప్లీడరు గారి కుర్చీ వెనక కాగితాల కట్ట పట్టుకుని ఈయన నించున్నారు. కట్ట కింద పెట్టేరు. గణపతిరావండీ, నేనే అన్నారు. మా ఆవిడ చెప్పింది నిజమేనండీ అన్నారు.  ఇంత ధైర్యం ఆ మనిషిలో ఎక్కడ దాగుందో, ఇన్నాళ్లూ చూపించకుండా.

జనం గోల. అమ్మోరిని పట్టుకుని ఏటా మాటలు అని చిన్నమ్మి కేకలేసింది. ఆఫీసరు బల్ల మీద కొట్టి దేముడమ్మ వైపు తిరిగేడు. నీ ఇల్లు కదా, నువ్వు చెప్పు, ఈమె అన్నది నిజమంటే లైను మళ్లీ తోటలోకి తిప్పమని రాస్తాను అన్నాడు.

దేముడమ్మ నన్ను చూసింది.  అవునంటే చాలు. ఒక్క మాట. లోపల్లోపల ఆవిడ్ని బతిమాలేను.

ఆ గుంటకి ఒంట్లో బాగోలేదు బాబూ, అంది. నా ఇల్లు పోద్దని బెంగెట్టుకుని ఏటేటో సెప్తంది, పెళ్లాం మాట కాదనలేక ఆ బాబు కూడా అలాగే అన్నాడు. అమ్మోరి మీద అలాటి మాట రాయకండి, అంది.

ఆఫీసరు ఊపిరి పీల్చుకుని రాసినదంతా కొట్టేసేడు. గొడవ తప్పిందన్నట్టు చూసేడు. అంతటితో అయిపోయింది.

నవంబరు 17

ఈయన పని పోలేదు. ప్లీడరు గారు ఆ ఊసే ఎత్తలేదట. మా ఇద్దరి మీదా జాలి పడ్డారట, నాకు మతి చలించిందని. అత్త నాతో మాట్లాడదు. దేముడమ్మ ఇంటికి పోయి ఎందుకలా చేసేవని అడగాలని బయల్దేరేను. గట్టు దాకా వెళ్లి వెనక్కొచ్చేసేను. ఏం చెబుతుందోనని భయం.

1957 జనవరి 22, మంగళవారం

దేముడమ్మ ఇల్లు పడగొట్టేరు. రోలు మాత్రం తనే దొర్లించుకుపోయింది.

ఫిబ్రవరి 5

దేముడమ్మ తోటమ్మ తల్లి పక్కనే తాటాకు పాక వేసుకుంది. మా తోటలోనే. వచ్చి అత్తని అడగనైనా లేదు. అత్త ఊరుకుంది. అది అమ్మవారి చోటు కాదని ఏ నోటితో అంటుంది? జనం తొక్కిడికి నడుమ చెరుకు ఎలాగూ పోయింది. కాలవ వచ్చినా అంతే పోయేది.

ఏప్రిల్ 2, మంగళవారం

తోటమ్మ తల్లికి మొదటి పండగ. నేను వెళ్లనన్నాను. దేముడమ్మే వచ్చి తీసుకెళ్లింది. అంతమంది ముందు పసుపు పళ్లెం నా చేతికిచ్చింది. నేను కదల్లేదు. దగ్గరగా వచ్చి, ఎవరికీ వినపడకుండా చెవిలో అంది. మొదట రాసింది నువ్వే గదే. నువ్వే రాయాల.

రాసేను.