దుప్పటికి రెండో కొస

జూన్ 3, ఉదయం ఐదున్నర

ప్రార్థన అయింది. మనసు నిలవలేదు.

నిన్న సాయంత్రం రెండోది వచ్చింది. మా ముగ్గురిలో నేను పెద్దదాన్ని, ఆఖరువాడు తమ్ముడు, నడిమిది ఇది. అమ్మ ఉన్నప్పటి నుంచీ ఇంట్లో దాన్ని రెండోది అనే అంటాం. నలభై తొమ్మిదేళ్ళు వచ్చినా అంతే. ఆస్పత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్ళుగా పని.

చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది. సూపర్‌వైజరు రిటైర్ అవుతోందట. వరస ప్రకారం ఆ కుర్చీ తనదేనట. కానీ రిజిస్టరూ సరుకు ఇండెంట్లూ ఇంగ్లీషులోనే కాబట్టి అరగంట టెస్టు పెడతారట, జూలై పద్దెనిమిదిన. తప్పితే నిన్నగాక మొన్న చేరిన పిల్లని తెచ్చి తన నెత్తిన కూర్చోబెడతారట.

నా బుర్రకి ఇంగ్లీషు ఎక్కదని నీకు తెలుసుగా అక్కా, అయినా ముప్పయ్యేళ్ళు అందరి పిల్లలకీ చెప్పావు, ఈ మొద్దుక్కూడా నాలుగు ముక్కలు చెప్పి పుణ్యం కట్టుకో, అంది. నవ్వుతూనే అంది.

సరే అన్నాను.

బుర్రకి ఎక్కదని దానికి మొదట చెప్పింది ఎవరో నాకు తెలుసు.

జూన్ 5

మొదటి పాఠం. నౌన్ అంటే పేరు అన్నాను. మనిషికి, చోటుకి, వస్తువుకి, కంటికి కనపడని వాటికి కూడా. కనపడనివంటే ఏవి అక్కా అంది. భయం, ఓపిక, నిజాయితీ అన్నాను. మూడోది నోట్లోంచి ఎలా వచ్చిందో.

నోట్‌బుక్కుకి అట్ట వేసుకుని తెచ్చింది. కూర్చోగానే మార్జిన్ గీసింది. స్కేలు చిన్నప్పటిలాగే పట్టుకుంటుంది, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా.

జూన్ 8

ప్లూరల్స్. షీట్, షీట్స్. టవల్, టవల్స్. ఓస్ ఇంతేనా అంది. ఇంతే కాదన్నాను. నైఫ్ అయితే నైవ్స్, టూత్ అయితే టీత్, ఉమన్ అయితే విమెన్. మంచం మీదికి వెల్లకిలా వాలిపోయింది. వీళ్ళకి ఇంటికో న్యాయమా అక్కా అంది. ఫుట్ ఫీట్ అయినప్పుడు బూట్ బీట్ అవడానికి ఏం రోగం అంది.

ప్రతి ఏడూ క్లాసులో ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే. అడిగినవాళ్ళు ఎప్పుడూ పాసవుతారు. ఆ మాట దానికి చెప్పలేదు.

జూన్ 11

మిల్క్స్, వాటర్స్ అని రాసింది. ఎస్ కొట్టేశాను. ఒప్పుకోలేదు. పాలు పొంగాయి అంటామా, పొంగింది అంటామా అని నిలదీసింది. నీళ్ళు వచ్చాయనే కదక్కా అంటాం అంది. మనకి అంతే, వాళ్ళు వాటిని లెక్కపెట్టరు అన్నాను.

లెక్కకి రానివి నాకు తెలియకేం, పన్నెండో ఏట నుంచీ నేను గరిటె తిప్పింది ఎవడు లెక్కపెట్టాడు అంటూ పకపకా నవ్వింది.

నేను పుస్తకంలోకి చూశాను.

జూన్ 14

ఇంటి గురించి ఐదు వాక్యాలు రాయమన్నాను. మై ఎల్డర్ సిస్టర్ ఆర్ ఎ టీచర్ అని రాసింది. మనిషి ఒక్కతే కాబట్టి ఈజ్ రావాలన్నాను. పెద్దదానివి, నిన్ను పట్టుకుని ఈజ్ అంటే కళ్ళు పోతాయి అంది. పదిమందిలో మా అక్కగారు వచ్చారంటాను గానీ వచ్చింది అంటానా అంది. నాన్నకీ ఆర్ పెట్టింది. నాన్న పోయి పదేళ్ళయినా ఆర్ తగ్గలేదు. తమ్ముడికి మాత్రం ఈజ్. వాడి ముడ్డి కడిగిన చేతులక్కా ఇవి, వాడికెందుకు ఆర్ అంది.

నా పక్కన ఉన్న ఆర్‌ని ఎర్ర పెన్నుతో కొట్టేశాను. చెయ్యి తేలిగ్గానే ఆడింది.

జూన్ 17, మధ్యాహ్నం

ఎక్కడో ఒకచోట రాయాలి.

అమ్మ పోయేనాటికి నాకు పందొమ్మిది. దానికి పన్నెండు. తమ్ముడికి నాలుగు. నాన్న లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే ఉండేవాడు. నాకు టీచర్ ట్రెయినింగ్ ఇంకో ఏడాది ఉంది. పసివాణ్ణి చూసుకోవడానికి ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. పెద్దదే కదా ఉండాలి. అందరూ అదే అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను, రెండు రోజులు.

దాని ఏడో తరగతి ప్రోగ్రెస్ కార్డు తేవడానికి నేనే వెళ్ళాను. ఇంగ్లీషులో డెబ్భై ఒకటి. ఈ పిల్ల చదువు మాత్రం మానిపించొద్దు అంది వాళ్ళ టీచరమ్మ. మీ ఇంట్లో చదువుకే పుట్టిన పిల్ల ఇది అని కూడా అంది. అది నాకు గుచ్చుకుంది. ఇంటి మెట్ల దగ్గర ఆగాను. సంచిలో ప్రార్థన పుస్తకం ఉంది. దాని అట్ట లోపలికి కార్డు తోసేశాను. లోపలికెళ్ళి, ఇంగ్లీషు తప్పావే, మళ్ళీ అదే క్లాసు చదవాలట అన్నాను.

గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. మర్నాడు పొద్దున తమ్ముణ్ణి చంకనెత్తుకుని వచ్చి, అదే బెంచీలో మళ్ళీ కూర్చోలేనక్కా, మానేస్తాను, వీణ్ణి నేను చూసుకుంటా, నువ్వు చదువుకో అంది.

మానేయమని నేను అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. అంత తెలివిగా చేశాను.

ప్రార్థన పుస్తకం అదే. ముప్పై ఏడేళ్ళుగా రెండు పూటలా చేతిలోకి తీసుకునేది అదే. కార్డు ఇంకా అందులోనే ఉంది.

జూన్ 18

ప్రార్థన చేయలేదు.

జూన్ 23

దాని పనిలోంచే మాటలు ఏరుకుందామని లాండ్రీకి వెళ్ళాను. గోడలకి చెమట. పెద్ద డ్రమ్ములు తిరుగుతుంటే మాట వినపడదు. అది నన్ను చూసి రెండు చేతులూ ఊపింది. మా అక్కగారు, టీచరు అని అందరికీ చెప్పింది. ఊరికే నిలబడ్డావేం, ఆ కొస పట్టుకో అక్కా అంటూ తడి ఆరిన దుప్పటి అంచు నా మీదికి విసిరింది.

పట్టుకున్నాను. చిన్నప్పుడు డాబా మీద మడతపెట్టినట్టే. లాగి దులపడం, సగానికి మడవడం, ఎదురెదురుగా నడిచి రావడం, నా కొస దాని చేతిలో పెట్టి కింది మడత అందుకోవడం. కాళ్ళకి గుర్తుంది.

మూటలకి ఎర్రదారంతో ముళ్ళు వేసి ఉన్నాయి. ఏంటివి అన్నాను. ఇంగ్లీషు చీటీలు చదవలేక తనే పెట్టుకుందట. ఒక ముడి పిల్లల వార్డు, రెండు ముళ్ళు కాన్పుల వార్డు, ముడి మీద ముడి ఆపరేషన్ థియేటర్. ఇరవై రెండేళ్ళలో ఒక్క మూట కూడా తప్పుదారి పట్టలేదట. ఇప్పుడు ఇంగ్లీషు వచ్చినవాళ్ళు కూడా చీటీ చూడరు, ముడే చూస్తారు అంది పక్కనున్నామె.

ఈ బుర్రకా ఎక్కదన్నాను నేను.

జూలై 2

నమూనా టెస్టు పెట్టాను. యాభైకి పందొమ్మిది.

పేపరు చూసి బోర్లా తిప్పి పెట్టింది. అప్పుడు తప్పాను, ఇప్పుడు తప్పాను, నా మొహాన రాసిపెట్టి ఉంది అక్కా, ఏభయ్యో ఏట ఓనమాలేంటని మీ మరిది అననే అన్నాడు, అంది. పదో తారీఖు లోపల పేరు వెనక్కి తీసుకోవచ్చట. తీసుకుంటానంది.

అది వెళ్ళాక పేపరు మళ్ళీ చూశాను. చాలాచోట్ల ముందు ఒకటి రాసి, కొట్టేసి, పక్కన ఇంకొకటి రాసింది. విమెన్ కొట్టేసి ఉమన్స్. నైవ్స్ కొట్టేసి నైఫ్స్. అలాంటివి పద్నాలుగు.

కొట్టేసినవన్నీ కరెక్టు.

జూలై 5

నీకు బాగా వచ్చు, నిన్ను నువ్వు నమ్మడం లేదంతే, అన్నాను. అక్కవి కాబట్టి అంటావు, అప్పుడు ఆ టీచరమ్మకి నేనేం చుట్టాన్నా, ఆవిడే తేల్చేసిందిగా అంది.

జూలై 9

రేపు పేరు తీసేయించుకుంటుంది. నా మెచ్చుకోలు పనికిరాదు. పనికొచ్చేది ఒక్కటే ఉంది, అది అట్టలో ఉంది.

దేవుణ్ణి దారి చూపమని అడగలేదు. దారి ముప్పై ఏడేళ్ళుగా చేతిలోనే ఉంది. కాళ్ళు ఇమ్మన్నాను.

జూలై 10, ఉదయం తొమ్మిది

ఏడింటికే వెళ్ళాను. మరిది టైలరింగ్ షాపు తీయడానికి వెళ్ళిపోయాడు. అది జడ అల్లుకుంటోంది. కార్డు చేతిలో పెట్టాను. చెప్పాను. నాలుగు వాక్యాలు పట్టింది.

అల్లిక సగంలో వదిలేసి కార్డు వెలుతురులోకి పట్టుకుంది. డెబ్భై ఒకటి దగ్గర ఆగింది. కింద టీచరమ్మ ఇంగ్లీషులో రాసిన రెండు లైన్లూ తనే కూడబలుక్కుని చదువుకుంది. నేను సాయం చేయలేదు.

నాన్నకి తెలుసా అంది. లేదన్నాను. తమ్ముడికో అంది. లేదన్నాను. అయితే నీకూ దేవుడికీ మాత్రమేనా అంది.

ఇన్నాళ్ళు దాచినదానివి ఇప్పుడెందుకిచ్చావు, నా కోసమా, నీ గుండెల మీద బరువు దించుకోవడానికా అంది. జవాబు వెతికాను. నిజం తెలియలేదు. అదే చెప్పాను, తెలియదని.

డ్యూటీకి టైమైంది, తలుపు వేసుకోవాలి అంది. నేను మెట్లు దిగుతుంటే వెనక గడియ పడింది. అది ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఒక అడుగు వెనక్కి వేసేదాన్ని.

జూలై 11

రాలేదు. నోట్‌బుక్ ఇక్కడే ఉండిపోయింది.

జూలై 13

సాయంత్రం ఐదున్నరకి, పాఠం వేళకి, అలవాటు కొద్దీ రెండు కప్పులు టీ పెట్టాను.

జూలై 15

తమ్ముడు ఫోన్ చేశాడు. రెండోది వాడికి అంతా చెప్పేసిందట. వాడెప్పుడూ నా మీద గొంతు పెంచలేదు. ఇవాళా పెంచలేదు. పెంచినా బాగుండేది. అంతా నీ కోసమే చేశానని మాత్రం నాతో అనకు పెద్దక్కా, ఆ పాపం నా పేరు మీద రాయకు, అన్నాడు. అనను అన్నాను. పెట్టేసే ముందు ఒక్క మాట చెప్పాడు. చిన్నక్క పేరు వెనక్కి తీసుకోలేదట.

జూలై 18, మధ్యాహ్నం

ఆస్పత్రి ఎదురు బస్టాపులో నిలబడ్డాను. పది గంటలకి లోపలికి వెళ్ళింది. కొత్త పెన్ను జాకెట్టుకి గుచ్చుకుంది. నన్ను చూసింది. గేటు దాటే మనిషి అడుగు తప్పలేదు.

ఆగస్టు 1

మరిది వచ్చాడు, నోట్‌బుక్ కోసం. యాభైకి నలభై ఒకటి అని గుమ్మంలోనే చెప్పాడు. ఒక్క కొట్టివేత కూడా లేదట పేపర్లో, మేనేజరు అందరికీ చూపించాడట. తన నోట్‌బుక్ తెమ్మందని నసిగాడు. టేపు ఇంకా మెడలోనే ఉంది, పాపం షాపు మధ్యలో వదిలి వచ్చాడు.

నోట్‌బుక్ ఇచ్చాను. లోపల నా ఎర్ర గీతలున్నాయి. చింపేయాలనిపించింది, చింపలేదు.

మీ చెల్లెలి మొండితనం మీకు తెలియందా వదినగారూ, వస్తుందిలెండి, అన్నాడు. ఎప్పుడని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆగస్టు 19

ప్రార్థన పుస్తకం అట్ట వదులైపోయింది. ఖాళీ తెలుస్తోంది. క్షమించమని దేవుణ్ణి అడగడం మానేశాను. క్షమించాల్సింది ఆయన కాదు కదా. ఇన్నేళ్ళు నిలబడి పనిచేసిన దాని మోకాళ్ళ నొప్పి తగ్గాలని మాత్రం అడుగుతున్నాను.

సెప్టెంబర్ 6

లాండ్రీకి వెళ్ళాను. పిలవలేదు, వెళ్ళాను.

సూపర్‌వైజరు కుర్చీలో కూర్చుని రిజిస్టరు రాస్తోంది. తలెత్తింది. కూర్చోమనలేదు. పొమ్మనలేదు. లైను పూర్తిచేసి, పెన్ను మూత పెట్టి, లేచి కుప్పలోంచి ఒక దుప్పటి లాగింది.

కొస పట్టుకో అంది. అక్కా అనలేదు.

పట్టుకున్నాను. కుప్పలో ఇంకా చాలా ఉన్నాయి.