కొసరు తీయమన్న కంపెనీ

మంగళవారం, గోరంట్ల

విదేశీ కంపెనీ మనిషి ఈరోజు మళ్లీ వచ్చాడు. మా అంగడికి వాళ్ల బోర్డు పెట్టాలట, సరుకంతా వాళ్లే పంపుతారట. వాడి చూడమని వాళ్ల తూకం మిషన్ కూడా తెచ్చాడు.

అంతలో పక్కవీధి నరసమ్మత్త కందిపప్పుకు వచ్చింది. కేజీ తూచి, అలవాటు కొద్దీ పైన గుప్పెడు కొసరు వేశాను. బిల్లు కంటే తూకం ఎక్కువైందని మిషన్ కుయ్యోమంది. బిల్లు రాలేదు.

"ఆ కొసరు తీసేయండక్కా. ఏ దేశంలోనైనా మా పద్ధతి ఒకటే," అన్నాడతను.

నరసమ్మత్త ఊరుకుంటుందా! "ఏమప్పా, ఏసిన కొసరు ఎనక్కి తీసేది యాడన్నా ఉండాదా?"

నేను మిషన్ వైరు పీకి అతని చేతిలో పెట్టాను. "మీ బోర్డు మాకొద్దు, అన్నా. మా నాయన నాకు కొసరు ఏసేది నేర్పినాడు, తీసేది నేర్పలేదు."

బస్టాండు దగ్గర తామే షాపు తెరుస్తామని చెప్పి వెళ్లాడు. భయం లేదని రాస్తే అబద్ధమే. ఏసీ, ఆఫర్లు... జనం పోతారు. నరసమ్మత్త కూడా పోతుందేమో.

పోనీ. అక్కడా సంచి తెరిచి పట్టుకుని, కొసరు వేసేదాకా కదలదు. ఆ కంపెనీ ఎన్ని దేశాలు గెలిచొచ్చినా, ముందు ఆమెకు జవాబు చెప్పమను.