కాలని చెక్క

తాడేపల్లి, ఏప్రిల్ 2003

నాన్నగారికి సాదిక్ సలాములు. నేను కులాసా, బెంగపడకండి.

డాక్టరు గారి మేడ మీద నేను కట్టేది చెమట పట్టించుకునే గది. సానా అంటారట. మన ఎండ చాలదు కాబోలు, లోపల కరెంటు పొయ్యి మీద రాళ్లు కాలుస్తారు! బల్లలకు టేకు వేద్దామన్నాను. ఆయన బెండులాంటి తెల్ల చెక్క తెప్పించారు.

"ఇదేం చెక్కండీ, గోరు దిగుతోంది!" అన్నాను.

"రెండూ లోపల పెట్టి చూడవయ్యా" అన్నారు.

పెట్టాం. గది కొలిమిలా అయింది. టేకు మీద అరచెయ్యి ఆనించి అమ్మో అని తీసేశాను. తెల్ల చెక్క మీద హాయిగా కూర్చున్నాను నాన్నా! అదే గది, అదే వేడి. బరువైన చెక్క వేడిని తెచ్చి ఒంటికి అంటిస్తుందట, తేలికది అంటించదట. చెక్కపొట్టులో పుట్టి పెరిగాను, ఈ వింత ఎరగను.

చెల్లి సాజిదాకు జ్వరం తగ్గిందా? నా చిన్న ఉలి అటక మీద ఉంది, తమ్ముడు వాసిం ఇటొస్తే ఇచ్చి పంపండి.

అమ్మ మిరప కళ్లంలో, ఎండలో, నేను చేసిన టేకు పీట మీద గోనె మడిచి వేసుకుని కూర్చుంటుంది కదా. పీట మాయకుండా అనుకునేవాణ్ణి. డాక్టరు గారు మిగిలిన తెల్ల చెక్క ముక్కలు నన్నే తీసుకోమన్నారు. వాటితో పీట చేసి, పని అయ్యాక వచ్చేటప్పుడు తెస్తాను. ఇక గోనె అక్కర్లేదని అమ్మకు చెప్పండి.

మీ సాదిక్