సరోజ చామంతి

నవంబరు 3, సోమవారం

ఇవాళ మేడెక్కాను. మెట్టు మెట్టుకీ ఆయాసం. డెంగ్యూ, ఆసుపత్రి, తర్వాత అమ్మాయి వాళ్లిల్లు — ఇరవై రోజులు బెజవాడలోనే. మొక్కలన్నీ పాడైపోయి ఉంటాయనుకుంటూ వెళ్లానా... ఒక్క కుండీ వాడలేదు! అంతా పక్కింటి పద్మ చలవ. "పొద్దునా సాయంత్రం పోశానక్కా, మీ మొక్కలకి ఏ లోటూ చెయ్యలేదు" అంటూ మళ్లీ క్యారేజీ కూడా తెచ్చింది. ఈ పిల్లకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

సరోజ చామంతి కూడా పచ్చగా ఉంది, నిండా మొగ్గలు. చెల్లి సరోజ పోయి మూడేళ్లు. దాని చేత్తో నాటిచ్చింది ఇదొక్కటే మిగిలింది. ఆదివారం మా మిద్దెతోటల వాళ్ల కార్తీక వనభోజనం — ప్రదర్శనలో దీన్నే పెడతాను.

నవంబరు 4

అన్నం సయించింది. పద్మ చారు పుణ్యం.

నవంబరు 6, గురువారం

చామంతికి నీళ్లు పోస్తే పైనే నిలిచాయి. ఇదేంటి, నా మట్టి నీళ్లు నిలవనివ్వదే అని వేలు పెట్టి చూశాను. గట్టిగా తగిలింది. ఎర్రమట్టి ముద్ద... బండి మీద అమ్మే కడియం నర్సరీ మొక్కలకి వేళ్ల చుట్టూ ఉండేది.

కుండీ నాదే. కొమ్మకి కట్టిన సరోజ చీర పేలికా అదే. మొక్క కాదు.

అసలే తుపాను వానలు, పైగా రెండు పూటలా నీళ్లు. కుళ్లిపోయి ఉంటుంది. పద్మ భయపడి ఇంకోటి కొని పెట్టింది, పిచ్చి మొహం! ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట చెబితే ఏం పోయేది? పిట్టగోడ దగ్గరికి పిలిచి కడిగేద్దామనే వెళ్లాను. అవతల నాకోసం పులుసు తాలింపేస్తోంది... వెనక్కి వచ్చేశాను. ఆ పేలిక విప్పి మళ్లీ కట్టేటప్పుడు ఎంత ఏడ్చిందో.

ఈయన ఒకటే అన్నారు — "పోయినేడు పిలక ఎవరికిచ్చావ్?" అవును కదా! ఏటా వనభోజనానికి తలా ఒక పిలక తెచ్చి, చీటీలు తీసి పంచుకుంటాం. నాది పెనుగొలను రమాదేవి గారికి వెళ్లింది. ఫోన్ చేద్దామంటే ధైర్యం చాల్లేదు. పోయిందంటే? ఆదివారం దాకా ఆశైనా ఉంటుంది.

నవంబరు 9, ఆదివారం

రమాదేవి గారి మామిడి తోటలోనే భోజనాలు. ఉసిరి కొమ్మ పాతి దీపం పెట్టారు. చుట్టూ బంతులు, డిసెంబరాలు, సీతమ్మజడలు. వాటి మధ్య ఒక పెద్ద టబ్బు — చిట్టి పసుపు పూలు, చొక్కా బొత్తాలంత.

సరోజవే! ప్రాణం లేచొచ్చింది. అందరి ముందూ ఏడ్చేశాను, సిగ్గు కూడా వెయ్యలేదు. "మీ పిలకేనండీ. మీకోసం రెండు పిలకలు వేళ్లతో తీసి ఉంచాను" అన్నారు రమాదేవి గారు. ఆవిడ చల్లగా ఉండాలి.

తోడొచ్చిన పద్మ నా పక్కనే ఉంది. ఆ పూలు చూసింది. ప్రదర్శనకని తెచ్చిన నా కుండీలో విచ్చిన పెద్ద పువ్వు చూసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పులిహోర ముట్టుకోలేదు. ఆటోలో తిరువూరు వచ్చేదాకా ముఖం బయటికి తిప్పుకునే కూర్చుంది.

నవంబరు 10

పిలకలు రెండు కుండీల్లో నాటాను. ఒకటి గోడ మీదుగా పద్మ చేతికిచ్చాను.

"అక్కా... నేను..."

"ఒక్క పూటే పొయ్యవే" అన్నాను.

కుండీ పట్టుకుని గబగబా లోపలికెళ్లి తలుపేసుకుంది.

నవంబరు 11

క్యారేజీ గోడ మీద ఉంది. మనిషి లేదు.

నవంబరు 13, గురువారం

ఇవాళ వచ్చింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. కుండీ గోడ మీద పెట్టి, వేలు మట్టిలోకి దించి — "అక్కా, ఇవాళ పొయ్యనా, వద్దా?"

పిలక తల వాల్చేసింది. నాదీ అంతే.

నేనూ వేలు పెట్టి చూశాను. లోపల తడి ఉంది. "వద్దులే... రేపు చూద్దాం" అన్నాను. పద్మ వెళ్లలేదు. ఇద్దరం అక్కడే నిలబడ్డాం.